బ్యాటరీ మీద నడిచే సెన్సార్ నోడ్: ఎంతవరకు వచ్చింది, ఎక్కడ ఆగింది

రాగితీగ

మొక్కల కుండీలో తేమ, మట్టి వేడి కొలిచి 15 నిమిషాలకోసారి వైఫైలో పంపే చిన్న నోడ్ ఒకటి చేస్తున్నాను. వైఫై ఉన్న ఈఎస్‌పీ32 చిప్పు డెవలప్‌మెంట్ బోర్డు, ఒక 18650 లిథియం అయాన్ సెల్లు (2500 మిల్లీయాంప్ అవర్), కెపాసిటివ్ తేమ సెన్సార్, వేడికి డీఎస్18బీ20. సెల్లును బోర్డు మీది 5 వోల్టుల పిన్నుకు ఇచ్చాను. రీడింగులు వస్తున్నాయి, గ్రాఫ్ గీస్తోంది, డీప్ స్లీప్‌లోకి (చిప్పు దాదాపు అంతా ఆగిపోయే నిద్ర) వెళ్లి మళ్లీ లేస్తోంది. ఇంతవరకు బాగానే ఉంది.

ఆగింది మూడు చోట్ల.

సెల్లు 3.7 వోల్టులకు దిగేసరికి వైఫై ఆన్ అయిన క్షణమే బోర్డు రీసెట్ అవుతోంది. సీరియల్ మానిటర్‌లో బ్రౌనౌట్ (వోల్టేజీ చాలనంత పడిపోయింది) అని వస్తోంది. అదే కోడ్, అదే బోర్డు, యూఎస్‌బీ పెడితే రోజంతా ఆగకుండా నడుస్తుంది. మీటర్ పెట్టి చూస్తే సెల్లు దగ్గర 3.7 నిలకడగా ఉంది.

రెండోది, వేడి రీడింగ్ ఉన్నట్టుండి 85 డిగ్రీలు చూపిస్తోంది. తర్వాతి రీడింగ్ మళ్లీ మామూలే.

మూడోది బ్యాటరీ. చిప్పు డేటాషీట్ ప్రకారం డీప్ స్లీప్‌లో 10 మైక్రోయాంప్‌లే. ఆ లెక్కన నెలల తరబడి రావాలి. వారాల్లోనే అయిపోతోంది.

ఎక్కడ మొదలుపెట్టమంటారు?

మైక్రోయాంప్

రాగితీగ గారూ, మొదటిదానికి జవాబు మీ బోర్డు మీదే ఉంది. యూఎస్‌బీ పోర్టుకు దగ్గర్లో మూడు కాళ్లు, ఒక వెడల్పాటి రేకు ఉన్న నల్లటి భాగం మీద ఏం రాసుందో చూడండి. చాలా డెవలప్‌మెంట్ బోర్డుల మీద ఏఎంఎస్1117 అనే వోల్టేజీ రెగ్యులేటర్ ఉంటుంది. దాని డ్రాపౌట్, అంటే లోపలికి వచ్చేదానికీ బయటికి ఇచ్చేదానికీ ఉండాల్సిన కనీస తేడా, పూర్తి లోడ్ దగ్గర 1.1 నుంచి 1.3 వోల్టులు. అంటే 3.3 రావాలంటే లోపలికి 4.4 పైన ఇవ్వాలి. నిండుగా ఛార్జ్ అయిన సెల్లు కూడా 4.2 దాటదు కదా. యూఎస్‌బీ నుంచి 5 వోల్టులు వస్తాయి కాబట్టి అక్కడ ఇబ్బంది లేదు. తేడా అంతా అదే.

3.7 ఇచ్చినప్పుడు బయటికి 2.7 చుట్టుపక్కల వస్తుంది. చిప్పు మెలకువగా ఉండి లెక్కలు చేసుకుంటున్నంతసేపు దానితోనే నెట్టుకొస్తుంది. వైఫై ట్రాన్స్‌మిట్ చేసేటప్పుడు 240 మిల్లీయాంప్‌ల దాకా లాగుతుంది. ఆ దెబ్బకు వోల్టేజీ ఇంకాస్త దిగి బ్రౌనౌట్ గీత దాటిపోతుంది. మీటర్ నెమ్మదిగా సగటు తీసి చూపిస్తుంది కాబట్టి కొన్ని మిల్లీసెకన్ల గుంట దానికి కనపడదు. పైగా మీరు చూసింది సెల్లు దగ్గర. చూడాల్సింది 3.3 పిన్ను దగ్గర.

రాగితీగ

మీరు చెప్పినట్టే ఏఎంఎస్1117. ఆసిలోస్కోప్ దొరికింది. ప్రోబ్ 3.3 పిన్ను మీద పెట్టి, ప్రోబ్ గ్రౌండ్ క్లిప్పును మాడ్యూల్ గ్రౌండ్‌కు వీలైనంత దగ్గరగా తగిలించి, 2.6 వోల్టుల దగ్గర కిందికి దిగే అంచు మీద సింగిల్ షాట్ ట్రిగ్గర్ పెట్టాను. ముందు అంతా తిన్నని గీత, 2.75 దగ్గర. వైఫై మొదలవగానే దువ్వెన పళ్లలా వరసగా కిందికి గుంటలు, వాటిలో ఒకటి 2.4కి తగిలింది. అక్కడే రీసెట్.

3.3కీ గ్రౌండ్‌కీ మధ్య 470 మైక్రోఫారడ్ ఎలక్ట్రోలైటిక్ పెట్టి చూశాను. గుంటల లోతు బాగా తగ్గింది, రీసెట్ ఆగింది. కానీ సెల్లు 3.6కి రాగానే మళ్లీ మొదలు.

టంకం_పొగ

కెపాసిటర్ చేయగలిగింది అంతే. లెక్క చూడండి: రెగ్యులేటర్ ఇవ్వలేకపోయిన 100 మిల్లీయాంప్‌లను 1 మిల్లీసెకను పాటు 470 మైక్రోఫారడ్ ఇస్తే, దాని మీద వోల్టేజీ 0.2 వోల్టు పడుతుంది. ఒక్క మిల్లీసెకనుకు పర్వాలేదు. వైఫై కనెక్ట్ అవడానికి సెకన్లు పడుతుంది, ఆ సేపంతా సగటు కరెంటు రెగ్యులేటర్ నుంచే రావాలి. గుంటలు పూడ్చడం కెపాసిటర్ పని, నేల మట్టం నిలబెట్టడం రెగ్యులేటర్ పని.

ఇంకో సంగతి. ఈ సమస్యకు ఇంటర్నెట్‌లో ఎక్కడ వెతికినా బ్రౌనౌట్ డిటెక్టర్‌నే కోడ్‌లో ఆపేయమని సలహా దొరుకుతుంది. దయచేసి ఆ పని చేయకండి. రీసెట్ ఆగినట్టు కనిపిస్తుంది. కానీ సరిపడా వోల్టేజీ లేకుండా చిప్పు ఫ్లాష్‌లో రాస్తుంటే ఏం రాస్తోందో ఎవరికీ తెలియదు. సెట్టింగులు చెరిగిపోయి, అసలు కారణం ఎక్కడుందో ఆనవాలు కూడా మిగలదు. ఆ డిటెక్టర్ మీకు నిజం చెబుతోంది.

పుల్అప్_4కె7

85 డిగ్రీల సంగతి నేను చెబుతాను. డీఎస్18బీ20కి కరెంటు అందగానే దాని రిజిస్టర్‌లో ఉండే మొదటి విలువే 85. కొలత పూర్తికాకముందే చదివితే అదే వస్తుంది. 12 బిట్ రిజల్యూషన్‌లో ఒక కొలతకు 750 మిల్లీసెకన్ల దాకా పడుతుంది. కోడ్ అంతసేపు ఆగకపోయినా 85 వస్తుంది, కొలత మధ్యలో సప్లై పడిపోయి సెన్సార్ మళ్లీ మొదటికి వచ్చినా 85 వస్తుంది. మీకు సప్లై గుంటలు ఉన్నాయని స్కోపులో కనబడింది కాబట్టి మొదటి సమస్యా రెండో సమస్యా ఒకటే అయ్యుండొచ్చు. రెగ్యులేటర్ మార్చాక మళ్లీ చూడండి. అప్పటిదాకా 85 వస్తే వదిలేయమని కోడ్‌లో షరతు పెట్టకండి, జబ్బు దాగిపోతుంది.

మైనస్ 127 వస్తే కథ వేరు. అది లైబ్రరీ ఇచ్చే విలువ, సెన్సార్ అసలు జవాబే ఇవ్వలేదని అర్థం. తీగ ఊడిందో, డేటా తీగను 3.3కి లాగి ఉంచే పుల్అప్ రెసిస్టర్ లేదో చూసుకోవాలి.

పనిలో పనిగా రిజల్యూషన్ 10 బిట్‌కు దించండి. మెట్టు 0.25 డిగ్రీ, సమయం 187.5 మిల్లీసెకన్లు. మట్టి వేడికి అది చాలు. బోర్డు మెలకువగా ఉండే సమయం అర సెకను పైన తగ్గుతుంది.

కొత్తబోర్డు

అన్నలందరికీ నమస్తే. ఈ చర్చ చూసి నేనూ అదే సెన్సార్‌తో మొదలుపెట్టాను. నా బోర్డు అసలు బూటే అవడం లేదు. డేటా తీగ జీపీఐఓ12 పిన్నుకు పెట్టాను, 4.7 కిలో ఓమ్ రెసిస్టర్ 3.3కి పెట్టాను. తీగ తీసేస్తే బోర్డు మామూలుగా పనిచేస్తోంది, పెడితే ఒకే ఎర్రర్ మళ్లీ మళ్లీ వస్తోంది. సెన్సార్ పాడైందా?

పుల్అప్_4కె7

సెన్సార్‌కు ఏమీ కాలేదు తమ్ముడూ, బోర్డుకూ ఏమీ కాలేదు. జీపీఐఓ12 స్ట్రాపింగ్ పిన్ను. చిప్పు లేచేటప్పుడు ఆ పిన్ను హై ఉందా లో ఉందా చూసి ఫ్లాష్ మెమరీకి ఎంత వోల్టేజీ ఇవ్వాలో నిర్ణయించుకుంటుంది. హై ఉంటే 1.8 వోల్టులు ఇస్తుంది. నీ బోర్డు మీది ఫ్లాష్‌కు 3.3 కావాలి, అందుకే చదవలేక పడిపోతోంది. నీ 4.7 కిలో ఓమ్ దాన్ని హైలోకి లాగుతోంది, అంతే.

జీపీఐఓ4కి మార్చు. ఇంకో మూడు సంగతులు గుర్తుపెట్టుకో. 6 నుంచి 11 దాకా ఫ్లాష్ వాడుకుంటుంది, ముట్టుకోవద్దు. 34 నుంచి 39 దాకా ఇన్‌పుట్‌కు మాత్రమే, లోపల పుల్అప్ కూడా ఉండదు. ఈ సెన్సార్ తీగను చిప్పు కూడా కిందికి లాగాలి కాబట్టి అక్కడ పనిచేయదు. తేమ సెన్సార్‌ను మాత్రం 32 నుంచి 39 మధ్యలో ఉన్న పిన్నుకే పెట్టు, అవి ఏడీసీ1వి (ఏడీసీ అంటే వోల్టేజీని అంకెగా మార్చే భాగం). ఏడీసీ2 పిన్నులు వైఫై నడుస్తున్నప్పుడు రీడింగ్ ఇవ్వవు.

కొత్తబోర్డు

4కి మార్చగానే లేచింది అన్నా! మొదటి రీడింగ్ వచ్చింది. సెన్సార్‌ను వేళ్ల మధ్య పట్టుకుంటే అంకె పెరుగుతుంటే భలే అనిపించింది.

రాగితీగ

కొత్తబోర్డు, శుభం. మొదటి రీడింగ్ ఆనందమే వేరు.

నా పని సంగతి. రెగ్యులేటర్ మార్చాలని తేలింది. మూడు పేర్లు దగ్గర పెట్టుకున్నాను: హెచ్‌టీ7333, ఎంసీపీ1700, ఏపీ2112కె. ఏది?

మైక్రోయాంప్

నా ఓటు మొదటి రెండింటిలో ఒకదానికి. హెచ్‌టీ7333 తన కోసం వాడుకునేది 4 మైక్రోయాంప్‌ల చుట్టుపక్కల, ఎంసీపీ1700 అయితే 1.6. నిద్రలోనే బతుకంతా గడిపే నోడ్‌కు అదే ముఖ్యం.

టంకం_పొగ

ఇక్కడ మీతో ఏకీభవించలేను. ఆ రెండూ 250 మిల్లీయాంప్‌ల దగ్గర ఆగిపోయేవి. ఈఎస్‌పీ32కు 500 మిల్లీయాంప్‌లు ఇవ్వగల సప్లై ఉండాలని తయారీదారే చెబుతున్నారు. పెద్ద కెపాసిటర్ తోడు పెట్టి చాలామంది నడుపుతున్నారు, నిజమే. రూటర్ దూరంగా ఉండి పదేపదే ట్రాన్స్‌మిట్ చేయాల్సి వచ్చినప్పుడు మళ్లీ ఇదే గోల. ఏపీ2112కె 600 మిల్లీయాంప్‌లు ఇస్తుంది, ఆ లోడ్ దగ్గర కూడా డ్రాపౌట్ పావు వోల్టు చుట్టుపక్కలే. తన ఖర్చు 55 మైక్రోయాంప్‌లు. నెలకు లెక్కగట్టండి: 55 ఇంటూ 24 ఇంటూ 30, దాదాపు 40 మిల్లీయాంప్ అవర్. 2500లో 40. రీసెట్లు లేకుండా ఉండటానికి ఆ మాత్రం ఇవ్వొచ్చు.

మైక్రోయాంప్

లెక్క ఒప్పుకుంటాను. వైఫై నోడ్‌కు ఏపీ2112కె సరైనదే. అదే బ్లూటూత్ లో ఎనర్జీ నోడో, తక్కువ పవర్ రేడియోతో చేసేదో అయితే నా మాట మార్చుకోను.

అసలు బ్యాటరీ ఎందుకు తొందరగా అయిపోతోందో కూడా ఇందులోనే ఉంది. ఏఎంఎస్1117 ఏ లోడూ లేకపోయినా 5 మిల్లీయాంప్‌ల చుట్టుపక్కల తాగుతుంది. చిప్పు నిద్రలో తాగే 10 మైక్రోయాంప్‌లకు అది 500 రెట్లు. 2500 భాగించు 5, 500 గంటలు, అంటే 21 రోజులు. దానికి తోడు ఎప్పుడూ వెలిగే పవర్ ఎల్ఈడీ, యూఎస్‌బీ సీరియల్ చిప్పు. డీప్ స్లీప్ అంకె చిప్పుది, మీరు వాడేది బోర్డు.

రాగితీగ గారూ, బ్యాటరీ వోల్టేజీ చదవడానికి దాన్ని సగం చేసే రెండు రెసిస్టర్ల డివైడర్ పెట్టారా? 100 కిలో ఓమ్‌లు రెండు పెట్టి ఉంటే 4.2 దగ్గర 21 మైక్రోయాంప్‌లు ఎప్పుడూ పోతూనే ఉంటాయి. నిద్రపోతున్న చిప్పు కంటే రెండు రెసిస్టర్లు ఎక్కువ తింటున్నాయన్నమాట. 1 మెగా ఓమ్‌లు రెండు పెట్టి, ఏడీసీ పిన్ను దగ్గర 100 నానోఫారడ్ పెట్టండి. 2.1 మైక్రోయాంప్‌లకు దిగుతుంది, ఆ కెపాసిటర్ వల్ల రీడింగ్ కూడా నిలకడగా వస్తుంది.

రాగితీగ

100 కిలో ఓమ్‌లే ఉన్నాయి, మారుస్తాను. మాడ్యూల్‌ను విడిగా తీసుకుని చిన్న పెర్ఫ్ బోర్డు మీద ఏపీ2112కెతో కట్టాను. రీసెట్లు పోయాయి. స్కోపులో 3.3 గీత వైఫై సమయంలో కూడా 3.2 కిందికి రాలేదు. 85 కూడా ఆ తర్వాత రాలేదు.

నిద్రలో కరెంటు కొలవబోతే కొత్త చిక్కు. మీటర్‌ను మైక్రోయాంప్ రేంజ్‌లో సెల్లుకు వరసలో పెడితే నోడ్ అసలు లేవడం లేదు.

మైక్రోయాంప్

అది మీటర్ పుణ్యం. మైక్రోయాంప్ రేంజ్‌లో లోపలి షంట్ రెసిస్టర్ చాలా మీటర్లలో 100 ఓమ్‌లు, కొన్నింటిలో ఇంకా ఎక్కువ. 10 మైక్రోయాంప్‌లకు దాని మీద పడేది 1 మిల్లీవోల్టు, లెక్కలోకి రాదు. చిప్పు లేచి 50 మిల్లీయాంప్‌లు అడగ్గానే 5 వోల్టులు దాని మీదే పడాలి. సెల్లులో ఉన్నదే 4. ఇంక లేచేదెలా?

ఇలా చేయండి. మీటర్ రెండు ప్రోబుల మధ్య ఒక మామూలు స్విచ్ పెట్టండి. స్విచ్ మూసి నోడ్‌ను లేపండి, కరెంటు స్విచ్ గుండా పోతుంది. పని ముగించి నిద్రలోకి వెళ్లాక స్విచ్ తెరవండి, అప్పుడు మీటర్ గుండా పోతుంది. అంకె కుదురుకోనిచ్చి చదవండి. మళ్లీ లేచే ముందే స్విచ్ మూసేయాలి. ఈ కొలతకు నిద్ర సమయం కాస్త ఎక్కువ పెట్టుకుంటే హడావుడి ఉండదు.

రాగితీగ

స్విచ్ పద్ధతి బ్రహ్మాండంగా పనిచేసింది. కానీ నిద్రలో 400 మైక్రోయాంప్‌ల పైన చూపిస్తోంది. నేను అనుకున్నది 70. తేమ సెన్సార్‌కూ వేడి సెన్సార్‌కూ కరెంటును మాస్ఫెట్‌తో (స్విచ్‌లా పనిచేసే ట్రాన్సిస్టర్) నిద్రలో ఆపేస్తున్నాను, అయినా ఎక్కడికి పోతోంది?

పుల్అప్_4కె7

డీఎస్18బీ20 పుల్అప్ రెసిస్టర్ పైకొస ఎక్కడ ఉంది? ఎప్పుడూ ఉండే 3.3కా, మాస్ఫెట్ తర్వాతి లైనుకా?

రాగితీగ

ఎప్పుడూ ఉండే 3.3కి.

పుల్అప్_4కె7

అదే. సెన్సార్ సప్లై ఆపారు గానీ డేటా తీగ గుండా కరెంటు దొడ్డిదారిన లోపలికి పోతోంది. పుల్అప్ నుంచి డేటా పిన్నుకు, అక్కడి నుంచి సెన్సార్ సప్లై లైనులోకి, ఆ లైను మీదున్న మిగతా భాగాలన్నిటికీ. ఈ సెన్సార్ డేటా తీగ మీదే బతకగలిగేలా చేసింది, కాబట్టి ఆ దారి అందులో ఉండనే ఉంది. ఐ2సీ (రెండు తీగల మీద మాట్లాడే) సెన్సార్లు వాడేవాళ్లకూ ఇదే జరుగుతుంది, రెండు పుల్అప్‌లు కాబట్టి రెండు దారులు. పుల్అప్ పైకొసను మాస్ఫెట్ తర్వాతి లైనుకు మార్చండి.

రాగితీగ

మార్చాను. 72 మైక్రోయాంప్‌లు. చిప్పు 10, రెగ్యులేటర్ 55, డివైడర్ 2, మిగిలినవి చిల్లర లీకులు. లెక్క కుదిరింది, చాలా సంతోషంగా ఉంది. దీన్ని ఇంకా 40కి దించాలంటే రెగ్యులేటర్ మార్చాలా?

మైక్రోయాంప్

ఇప్పుడు నిద్ర సంగతి వదిలేయండి, మెలకువ చూడండి. ఎంతసేపు మెలకువగా ఉంటోంది?

రాగితీగ

లేచి, కొలిచి, కనెక్ట్ అయి, పంపి పడుకునేసరికి 5 సెకన్లు. సగటున 120 మిల్లీయాంప్‌లు.

మైక్రోయాంప్

900 సెకన్లలో 5 సెకన్లు, 120 మిల్లీయాంప్‌లు. సగటున 667 మైక్రోయాంప్‌లు. నిద్ర 72, మెలకువ 667. మీరు 72ను 40 చేసినా మొత్తంలో మార్పు కనపడదు. రెండూ కలిపితే 2500కి 3400 గంటలు, నాలుగున్నర నెలల పైన. మెలకువను 1 సెకనుకు దించగలిగితే 133 ప్లస్ 72, అంటే 205 మైక్రోయాంప్‌లు. 12 వేల గంటలు, కాగితం మీద ఏడాదిన్నరకు దగ్గర.

5 సెకన్లలో ఎక్కువ భాగం రూటర్‌ను వెతకడానికీ, ఐపీ అడ్రస్ అడిగి తెచ్చుకోవడానికీ పోతుంది. ఐపీ స్థిరంగా ఇచ్చేయండి. రూటర్ ఛానెల్ నంబర్, బీఎస్ఎస్ఐడీ (రూటర్ రేడియో చిరునామా) మొదటిసారి కనెక్ట్ అయినప్పుడు ఆర్‌టీసీ మెమరీలో దాచండి, అది డీప్ స్లీప్‌లో చెరిగిపోదు. తర్వాత లేచినప్పుడు అన్ని ఛానెళ్లూ వెతక్కుండా నేరుగా అక్కడికే వెళ్తుంది. దొరక్కపోతే మాత్రం పాత పద్ధతికి వెళ్లేలా రాయండి, రూటర్ ఛానెల్ మార్చుకుంటే నోడ్ మూగబోకూడదు. వేడి కొలతను ముందే మొదలుపెట్టి, అది జరుగుతుండగానే వైఫై కనెక్ట్ చేయండి. రూటర్ వద్దనుకుంటే చిప్పు నుంచి చిప్పుకు నేరుగా పంపే ఈఎస్‌పీ‑నౌ ఉంది, ఇంకో ఈఎస్‌పీ32ను గేట్‌వేగా పెడితే కనెక్ట్ అయ్యే తతంగమే ఉండదు.

నిద్రలేని_లూప్

గేట్‌వే మాట వచ్చింది కాబట్టి ఒకటి చెప్పి వెళ్తాను. నోడ్ నిద్రపోయి లేచిన ప్రతిసారీ మిల్లిస్ (బోర్డు లేచినప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్ల లెక్క) సున్నా నుంచి మొదలవుతుంది. గేట్‌వే ఎప్పుడూ మెలకువే. మిల్లిస్ 32 బిట్ అంకె, 4,29,49,67,295 దాకా వెళ్లి మళ్లీ సున్నాకు వస్తుంది. అది 49.7 రోజులు. "ఇప్పటి సమయం, పాత సమయానికి విరామం కలిపినదాని కంటే పెద్దదా" అని రాస్తే ఆ రోజు లెక్క తప్పుతుంది. "ఇప్పటి సమయంలోంచి పాత సమయం తీసేస్తే విరామం దాటిందా" అని, అన్‌సైన్డ్ (మైనస్ గుర్తు లేని) అంకెలతో రాస్తే సున్నా దాటినా సరిగ్గానే వస్తుంది. టేబుల్ మీద పరీక్షించినప్పుడు ఎప్పటికీ బయటపడని తప్పు ఇది.

కొత్తబోర్డు

ఒక సందేహం. నా దగ్గర చూడ్డానికి ఒకేలా ఉన్న రెండు తేమ సెన్సార్లు ఉన్నాయి. 3.3 ఇస్తే ఒకటి మట్టి తడిపితే కదులుతోంది, రెండోది ఏం చేసినా ఒకే అంకె.

పుల్అప్_4కె7

రెండింటి మీదున్న ఎనిమిది కాళ్ల చిప్పు మీద రాత చదువు, ఫోన్ కెమెరాతో జూమ్ చేస్తే కనిపిస్తుంది. టీఎల్‌సీ555 అయితే 2 వోల్టుల నుంచి పనిచేస్తుంది. ఎన్ఈ555 అయితే కనీసం 4.5 కావాలి, 3.3 మీద ఆడదు. పనిచేసే సెన్సార్‌ను గాలిలో ఒకసారి, నీళ్లలో గీత దాకా ముంచి ఒకసారి చదివి ఆ రెండు అంకెలూ రాసుకో. ఏ రెండు సెన్సార్లకూ అవి ఒకటి కావు. బోర్డు పక్క అంచుల్లోంచి నీరు లోపలికి ఇంకుతుంది, వారాల తర్వాత రీడింగ్ పక్కకు జరిగిపోతుంది. అంచులకు తేమ చొరకుండా పూసే కన్ఫార్మల్ కోటింగో, నెయిల్ పాలిషో రెండు పూతలు పూయి.

కొత్తబోర్డు

రెండోదాని మీద ఎన్ఈ555 అనే ఉంది అన్నా. థాంక్స్.

రాగితీగ

మెలకువ 1.3 సెకన్లకు వచ్చింది. స్థిర ఐపీ, దాచిన ఛానెల్ రెండూ కలిపి చేసిన పని అది. ఇప్పుడు పెర్ఫ్ బోర్డు వదిలి పీసీబీ (అచ్చు సర్క్యూట్ బోర్డు) గీస్తున్నాను, కైకాడ్ సాఫ్ట్‌వేర్‌లో. పంపించే ముందు ఏం చూసుకోమంటారు?

గ్రౌండ్‌ప్లేన్

మాడ్యూల్ యాంటెన్నా బోర్డు అంచు దాటి బయటికి ఉండేలా పెట్టండి. కుదరకపోతే దాని కింద ఏ పొరలోనూ రాగి ఉండకూడదు, తీగలు కూడా. ఏపీ2112కె ఎనేబుల్ పిన్నును ఇన్‌పుట్‌కు కలపడం మరవకండి. ఇన్‌పుట్, అవుట్‌పుట్ కెపాసిటర్లు దాని కాళ్ల పక్కనే ఉండాలి. మాడ్యూల్ 3.3 కాలు దగ్గర 10 మైక్రోఫారడ్, 100 నానోఫారడ్ పెట్టి, కాస్త పక్కగా పెద్ద కెపాసిటర్.

సెల్లు ప్లస్ లైనులో ఒక జంపర్ పెట్టండి. స్విచ్ పద్ధతిలో కరెంటు కొలవడానికి ఇకమీద ఏ తీగా కోయక్కర్లేదు. 3.3కూ, గ్రౌండ్‌కూ, సెన్సార్ లైనుకూ టెస్ట్ పాయింట్లు ఇవ్వండి. బోర్డు వచ్చాక అడుగడుగునా పనికొస్తాయి.

టంకం_పొగ

మాడ్యూల్ కింద మధ్యలో ఉన్న పెద్ద గ్రౌండ్ ప్యాడ్‌కు టంకం పెట్టే ఇనుము అందదని భయపడకండి. దానికి టంకం పెట్టడం తప్పనిసరి కాదని డేటాషీట్‌లోనే ఉంది, పెడితే వేడి బాగా బయటికి పోతుంది. చేత్తో చేసేటప్పుడు ముందు ఒక మూల కాలుకు టంకం పెట్టి, ఎదురు మూల సరిచూసుకుని, అప్పుడు మిగతావి. గ్రౌండ్ కాళ్లకు థర్మల్ రిలీఫ్ (చుట్టూ ఉన్న రాగికి సన్నని చువ్వలతో మాత్రమే కలపడం) ఉంచండి, లేకపోతే రాగి అంతా వేడి లాగేసుకుని అతుకు చల్లగా, గరుకుగా వస్తుంది.

రాగితీగ

ఇవన్నీ పెట్టాను. ఛార్జింగ్‌కు టీపీ4056 చిప్పు కూడా అదే బోర్డు మీద పెడుతున్నాను. రెడీమేడ్ ఛార్జర్ మాడ్యూల్స్ మీద చూసినట్టే, ఛార్జ్ కరెంటు నిర్ణయించే రెసిస్టర్ 1.2 కిలో ఓమ్ పెట్టొచ్చా?

గ్రౌండ్‌ప్లేన్

1.2 కిలో ఓమ్ అంటే 1 యాంప్. 2500 సెల్లుకు అది ఎక్కువేం కాదు గానీ, లీనియర్ చిప్పు కాబట్టి మిగిలిన వోల్టేజీ అంతా వేడిగా మారుతుంది. 5 ఇచ్చి 3.5 ఉన్న సెల్లును నింపుతుంటే 1.5 వాట్లు. మీ చిన్న బోర్డు మీద, మూసిన డబ్బాలో అంత వేడి వద్దు. 2 కిలో ఓమ్ పెట్టండి, 580 మిల్లీయాంప్‌లు వస్తుంది. ఛార్జ్ కరెంటు పదో వంతుకు దిగాక చిప్పు ఆగుతుంది. మీ నోడ్ సగటు వాడకం అందులో వందో వంతు కూడా లేదు, కాబట్టి నోడ్ నడుస్తుండగా ఛార్జ్ పెట్టినా అది ఆగడానికి అడ్డం రాదు.

ఒక్కటి మాత్రం డిజైన్‌లోనే చూసుకోండి. మామూలు మాడ్యూల్స్ మీద టెంప్ పిన్నును గ్రౌండ్‌కు కలిపేసి ఉంచుతారు, అంటే సెల్లు వేడిని చిప్పు పట్టించుకోదు. మీ నోడ్ ఆరుబయట ఉంటుంది. లిథియం అయాన్ సెల్లును సున్నా డిగ్రీల కింద ఛార్జ్ చేయకూడదు, ఎండలో మరీ వేడెక్కినప్పుడూ చేయకూడదు. ఆ పిన్నుకు థర్మిస్టర్ (వేడిని బట్టి మారే రెసిస్టర్) పెట్టడానికి చోటు ఇవ్వండి. సెల్లుకు రక్షణ బోర్డు విడిగా ఉందా?

రాగితీగ

ఉంది, రక్షణ ఉన్న సెల్లే. థర్మిస్టర్‌కు చోటు పెట్టి, 2 కిలో ఓమ్ మార్చి, ఫైళ్లు ఇక్కడే పెడతాను. ఎవరైనా పంపించే ముందు ఒకసారి సర్క్యూట్ చూసి పెడితే బాగుంటుంది.

గ్రౌండ్‌ప్లేన్

పెట్టండి, చూస్తాను.